జాక్ సాయర్ 83 గజాలు, మా 240 మైళ్లు

డాలస్‌లో మంచు పడుద్దని ఎవరనుకుంటారండీ. కొలంబస్‌లో జనవరి అంటే మాకు ఎలాగూ మంచే, అక్కడ విమానాలు మామూలుగా ఎగురుతానే ఉంటాయి, కానీ 2025 జనవరి 9 గురువారం పొద్దున్నే లేచి ఫోన్ చూస్తే డాలస్ ఫ్లైట్ క్యాన్సిల్. ఆ రోజు అక్కడ దిగాల్సిన ఫ్లైట్లు వందల్లో పోయాయి. మ్యాచ్ చూస్తే శుక్రవారం సాయంత్రం, కాటన్ బౌల్, అంటే అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ సెమీఫైనల్, మా కొలంబస్ టీమ్ ఒహాయో స్టేట్ వర్సెస్ టెక్సస్. టికెట్ డబ్బులు కట్టేసి కూర్చున్నా. ఇంక ఏం చేస్తాం, కస్టమర్ కేర్ వాళ్లతో గంటసేపు మొత్తుకుంటే హ్యూస్టన్‌కి సీటిచ్చారు, అక్కడ ఎంఎస్ రోజుల్లో నా రూమ్మేట్ ఉంటాడు, వాడికి ఫోన్ కొడితే "రారా, కారుంది, పోదాం" అన్నాడు, అంతే.

శుక్రవారం పొద్దున హ్యూస్టన్‌లో సన్నటి చలివాన. ఐ-45 పట్టుకుని పైకి పోవడమే, 240 మైళ్ల చిల్లర, చూడ్డానికి ఏమీ ఉండదు, మధ్యలో బక్కీస్ అనే పెద్ద పెట్రోల్ బంకు తప్ప. బక్కీస్‌లో బ్రిస్కెట్ శాండ్‌విచ్ తింటూ ఉండగా ఫ్రిస్కో నుంచి మా బావ ఫోన్. వాళ్లమ్మాయి ఆస్టిన్‌లో, అంటే టెక్సస్ యూనివర్సిటీలో చదువుతోంది కాబట్టి ఆయన ఇంట్లో కుక్కకి కూడా ఆ టీమ్ రంగు ఆరెంజ్ చొక్కానే. "ఏరా, ఇంత దూరం ఓడిపోడానికి వస్తున్నారా, మీ వాళ్లు మిషిగన్ మీదే గెలవలేకపోయారు కదరా" అన్నాడు. నాకు కాలింది కానీ అక్క మొగుడు, ఏమంటాం, "చూద్దాంలే బావా" అన్నా.

ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. 2024 సీజన్ మొదట్నుంచీ మా డిఫెన్సివ్ లైన్ మీద, అంటే ముందు వరసలో నిలబడి అవతలి టీమ్‌లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద పడే నలుగురి మీద, మా ఊళ్లోనే బోల్డు సణుగుడు. జాక్ సాయర్, జేటీ టుయిమోలొవౌ, టైలిక్ విలియమ్స్, టై హామిల్టన్, నలుగురూ నాలుగేళ్లు అంతకంటే ఎక్కువ ఉన్న సీనియర్లు, ఎన్ఎఫ్ఎల్‌కి, అంటే ప్రొఫెషనల్ లీగ్‌కి పోకుండా ఉండిపోయారు. కోచ్ లారీ జాన్సన్ అంటే బోసా అన్నదమ్ములూ చేజ్ యంగ్ లాంటి ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లని తయారు చేసిన ఆయన. ఇంత ఉండి కూడా అక్టోబర్‌లో ఆరెగన్ వెళ్లి వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డిలన్ గేబ్రియల్‌ని ఒక్కసారి కూడా సాక్ చెయ్యలేక, అంటే బంతి విసిరేలోపే పడగొట్టలేక, 32-31తో ఓడొచ్చారు. నవంబర్ చివర్లో సొంత గడ్డమీద మిషిగన్‌తో 13-10, దాని గురించి ఇక్కడ మాట్లాడను. కానీ న్యూ ఇయర్ రోజు రోజ్ బౌల్‌లో అదే ఆరెగన్, అదే గేబ్రియల్, ఎనిమిది సాక్‌లు! 41-21. ఆ మ్యాచ్ టీవీలో చూసే కాటన్ బౌల్ టికెట్ కొన్నా, మా ఆవిడకి మాత్రం చాలా రోజుల కిందటే కొన్నానని చెప్పా.

ఆర్లింగ్టన్‌కి రైలూ లేదు మెట్రో లేదు, అంత పెద్ద స్టేడియం కట్టారు గానీ కారు లేనోడు పోలేడు. మధ్యాహ్నానికి మంచు చాలామటుకు కరిగి రోడ్డు పక్కన బురదలా ఉంది. పార్కింగ్‌కి ఇచ్చిన డబ్బులు చెబితే మీరు తిడతారు. పార్కింగ్ లాట్‌లో మావాళ్లు "ఓ-హెచ్" అని అరిస్తే అవతల్నుంచి "ఐ-ఓ" అని తిరిగి రావడానికి మనుషులున్నారులే అని కాస్త ధైర్యం వచ్చింది, లోపల మాత్రం ఆరెంజే ఎక్కువ. బావా, మా మేనకోడలూ గేటు దగ్గర కలిశారు, అది "మామయ్యా, ఏడవద్దు సరేనా" అని ముందే ఓదార్చేసింది.

మా సీట్లు మైదానం చివర ఎండ్ జోన్ పైన మూలకి, దేవుడికి దగ్గరగా. చాలామంది అలాంటి సీట్లని తిట్టుకుంటారు కానీ నాకైతే అవే బెస్ట్ అనిపిస్తుంది, ఎందుకంటే టీవీలో కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోద్ది, లైన్‌లో ఏం జరిగిందో సాక్ అయ్యాక రీప్లేలో చూపిస్తాడు, అదే పైనుంచి అయితే ఒక్కణ్నే పట్టుకుని మ్యాచ్ మొత్తం చూడొచ్చు. నేను 33ని పట్టుకున్నా, అంటే సాయర్‌ని. స్నాప్ ముందు, అంటే బంతి ఆటలోకి వచ్చే ముందు ఒక చెయ్యి నేల మీద, కళ్లు బంతి మీద, బంతి కదలగానే లేస్తాడు, ఎదురుగా ఉన్న టాకిల్, అంటే క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాసే మూడొందల పౌన్లకి పైనున్న మనిషి, రెండు చేతులూ చాపి ఛాతీ మీద పెట్టబోతాడు, ఆ మణికట్టు మీద ఒక దెబ్బ కొట్టి చెయ్యి పక్కకి తోసి భుజం వంచి పక్కనుంచి దూరాలి. ఇదంతా రెండున్నర మూడు సెకన్లలో అయిపోవాలి, లేదంటే బంతి వెళ్లిపోద్ది. సంక్రాంతికి ఎంజీబీఎస్‌లో బెజవాడ బస్సెక్కే వాళ్లని చూశారుగా, బలం ఉన్నోడు కాదు, భుజం ముందు దూర్చినోడే ఎక్కుతాడు, అదీ లెక్క. పైగా టెక్సస్ లెఫ్ట్ టాకిల్ కెల్విన్ బ్యాంక్స్, ఆ ఏడాది బెస్ట్ లైన్‌మన్‌కిచ్చే అవుట్‌ల్యాండ్ ట్రోఫీ ఆయనదే, ఊరికే దూరనిచ్చే రకం కాదు.

ఇంకో సంగతి, సాక్‌ల లెక్క చూసి లైన్ బాగుందో లేదో చెప్పేవాళ్లు సగమే చూస్తున్నట్టు. నలుగురితోనే క్వార్టర్‌బ్యాక్‌ని కంగారు పెట్టగలిగితే మిగతా ఏడుగురూ వెనక కవరేజ్‌కి మిగులుతారు. సాక్ అవ్వకపోయినా టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ బంతిని అర సెకను ముందే వదలాల్సొస్తే చాలు, పని అయినట్టే. ఆ రోజు పైనుంచి చూస్తే అదే కనపడింది నాకు. అయినా స్కోరు మాత్రం మాకేం హాయిగా లేదు. ఫస్టాఫ్ చివర్లో మా ట్రెవియన్ హెండర్సన్ చిన్న స్క్రీన్ పాస్ పట్టి 75 గజాలు ఉరికి 14-7 చేశాడు, టెక్సస్ వాళ్లు మూడో క్వార్టర్‌లో సమం చేశారు, తర్వాత మా క్విన్‌షాన్ జడ్కిన్స్ 21-14 చేశాడు, ఆట ఇంకా ఏడు నిమిషాలుంది.

అప్పుడు టెక్సస్ మా గోల్ లైన్ దగ్గరికి వచ్చేసింది. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (బంతి పట్టబోయేవాణ్ని అడ్డుకోవడం) పెనాల్టీలతో బంతి గోల్ లైన్‌కి ఒక గజం మీదకొచ్చింది, ఒక్క గజం, నాలుగు ఛాన్సులు. బావ లేచి నిలబడి నా భుజం మీద చెయ్యేశాడు, ఓదార్చడానికి! మొదటిసారి మధ్యలోంచి తోశారు, కదల్లేదు. రెండోసారి ఎందుకు పక్కకి టాస్ వేశారో ఇప్పటికీ అర్థం కాదు, ఏడు గజాలు వెనక్కి పోయింది, అది చూసి మా మేనకోడలు నోటికి ఇంగ్లీష్‌లో ఏదో వచ్చింది, వాళ్ల నాన్న విననట్టు ఊరుకున్నాడు. మూడోసారి పాస్, ఇన్‌కంప్లీట్. నాలుగో డౌన్, అంటే ఆఖరి ఛాన్సు, ఇంకా ఎనిమిది గజాలు.

నేను బంతిని చూడలేదు, 33నే చూస్తున్నా. టాకిల్‌ని దాటేశాడు. యూవర్స్ విసరబోతున్న చేతికి తగిలాడు, బంతి ఊడింది, గెంతి సరిగ్గా ఈయన చేతుల్లోకే వచ్చింది, ఇంక పరుగు. 83 గజాలు. డిఫెన్సివ్ ఎండ్ అంత దూరం పరిగెత్తడం చూస్తే మధ్యలో పడిపోతాడేమో అని భయమేస్తుంది, పడలేదు. హ్యూస్టన్ మిత్రుడు నా మెడ పట్టుకుని ఊపేస్తున్నాడు. 28-14, రెండు నిమిషాల చిల్లర మిగిలుంది. మామూలుగా నాలుగో డౌన్ ఆపితే బంతి మాకొచ్చేది, అంతే, ఇది ఆపడమూ టచ్‌డౌనూ ఒకేసారి. పైగా ఈ సాయర్, యూవర్స్ 2021లో కొలంబస్‌లో రూమ్మేట్లు, ఆ కుర్రాడు ఒక్క సీజన్ ఉండి ఆస్టిన్ వెళ్లిపోయాడు, ఇంటికి దగ్గరని. అతని ఊరు సౌత్‌లేక్ ఆ స్టేడియానికి ఎంతో దూరం లేదు, ఊరి ముందరే జరిగింది పాపం.

పార్కింగ్‌లోంచి బయటపడటానికి పట్టిన టైమ్‌లో ఇంకో మ్యాచ్ ఆడొచ్చు. ఫ్రిస్కో చేరేసరికి అక్క పప్పుచారూ వేపుడూ చేసి కూర్చుంది, బావ మాట్లాడలేదు, మేనకోడలు మాత్రం "హీ ఈజ్ గుడ్ మామయ్యా" అని ఒప్పుకుంది. పది రోజులకి అట్లాంటాలో నోటర్ డామ్ మీద 34-23, టైటిల్ మాదే, అది ఇంట్లో సోఫాలోనే చూశా, ఆ టికెట్ రేట్లు చూశాక వెళ్లే ధైర్యం లేకపోయింది. సీజన్ మొత్తం మీద జట్టుకి 53 సాక్‌లు, అందులో జేటీవి పన్నెండున్నర, సాయర్‌వి తొమ్మిది.

ఏప్రిల్‌లో డ్రాఫ్ట్, అంటే ఎన్ఎఫ్ఎల్ టీమ్‌లు కాలేజీ కుర్రాళ్లని వరసగా ఎంచుకునేది. లైన్‌లో నలుగురూ పోయారు, టైలిక్ మొదటి రౌండ్‌లో డెట్రాయిట్‌కి, జేటీ రెండో రౌండ్‌లో ఇండియానాపోలిస్‌కి, సాయర్‌ని మాత్రం నాలుగో రౌండ్ దాకా ఎవరూ అడగలేదు, చివరికి పిట్స్‌బర్గ్ తీసుకుంది. అన్యాయమే అంటా నేను. వెంటనే బావ వాట్సాప్: "ఏరా, మీ హీరో నాలుగో రౌండేనా?" నేనేం జవాబివ్వలేదు. యూవర్స్ పేరు ఏడో రౌండ్‌లో పిలిచాక స్క్రీన్‌షాట్ పంపించా, ఊరికే.