బండికి తలంటు

కార్తీక మాసం కాబట్టి ఈ ఆదివారం చేపల బజారు పని తప్పింది. ఎంవీపీ రైతు బజారుకి వెళ్లి కూరలు, ఉసిరికాయలు తెచ్చేసరికి ఎనిమిదైంది. నిన్నటిదాకా ముసురు. ఇవాళే కాస్త తెరిపిచ్చింది. సంచులు దించుతుంటే ముందు మడ్‌గార్డు కింద నుంచి ఎండిన బురద పెళ్ల ఒకటి ఊడి నా కాలి మీద పడింది. ఇంక వాయిదా వేస్తే లాభం లేదనుకున్నాను.

బండి కొత్తదేం కాదు. నాన్న 2008లో కొన్న హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. నంబరు ప్లేటు మీద పాత ఏపీ 31. రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చాక, ఆ 31 చూసుకుంటే వైజాగ్ బండి అని అదో చిన్న గర్వం. పదిహేనేళ్లు నిండితే 2023లో ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకి పొడిగించుకున్నాం. హీరో, హోండా ఎప్పుడో విడిపోయినా మా ట్యాంకు మీద మాత్రం ఇప్పటికీ కలిసే కాపురం చేస్తున్నాయి.

మామూలుగా అయితే బండిని వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చేసేవాణ్ణి. కిందటేడు ఒకచోట ఇస్తే డీజిల్ కొట్టి, నీళ్ల గన్నుతో చక్రాల ఇరుసుల్లోకి, హ్యాండిల్ మెడలోకి గురిపెట్టి కడిగాడు. పావుగంటలో తళతళా మెరుస్తూ బయటికి వచ్చింది. వారం తిరక్కుండా స్పీడోమీటరు అద్దం లోపల ఆవిరి పట్టింది, రెండు నెలలకి హ్యాండిల్ తిప్పితే టక్ టక్‌మని పట్టేయడం మొదలైంది. కోన్‌సెట్టులో, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో, గ్రీజు కొట్టుకుపోయి తుప్పు పట్టిందని మెకానిక్ విప్పి చూపించాడు. మెరుపుకి ఇచ్చినదానికి పదింతలు ఆ రిపేరుకి పెట్టాను. అప్పట్నుంచి ఇంట్లోనే కడుగుతున్నాను. నెలకోసారి అని మొదలుపెట్టి రెండు నెలలకోసారికి వచ్చింది, అది వేరే సంగతి.

సెంటర్ స్టాండు వేసి గొట్టం అందుకోబోతుంటే వరండాలోంచి నాన్న గొంతు.

"ఇంజను చల్లారనియ్యవేటి? ఇప్పుడే కదరా బజారు నుంచి వచ్చావు."

నిజమే. కాలుతున్న ఇనుము మీద చన్నీళ్లు పోయకూడదని నాకు మొదట చెప్పింది ఆయనే. అరగంట ఆగాను. ఈలోగా సైలెన్సర్ మూతికి పాల కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేశాను, తాళం రంధ్రం మీద టేపు అంటించాను. రెండు బకెట్లు పెట్టుకున్నాను, ఒకదాంట్లో రూపాయి షాంపూ ప్యాకెట్లు రెండు కలిపి, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. బట్టల సబ్బు పొడి వాడితే రంగు మీదున్న పాలిష్ పొర కూడా పోతుందని షాంపూ. నాన్నకి ఇది నచ్చదు. ఆయన పోర్టులో చేసిన రోజుల్లో బొగ్గు పొడి, ఇనుప ఖనిజం ధూళి కలిసి సాయంత్రానికి సీటు మీద వేలితో పేరు రాసుకునేంత పేరుకునేదిట. అంత మురికీ ఒక చెంబు నీళ్లు, చారెడు సబ్బు పొడితో వదలగొట్టేవాడిననీ, నేను బండికి తలంటు పోస్తున్నాననీ అన్నాడు. మరి ఆ రోజుల్లో ట్యాంకు మీద పడిన సాలెగూడు లాంటి గీతలు ఇప్పటికీ ఎండలో కనిపిస్తాయి. ఇసుక పోకుండానే గుడ్డతో రుద్దితే అంతే మరి. ఆ మాట పైకి అనలేదు.

అందుకే ముందు ఉత్త నీళ్లు పారించాను. మడ్‌గార్డుల కింద చెయ్యి పెట్టి తడుముతూ, నానిన బురదని వేళ్లతోనే రాల్చాను. ఎర్రమట్టి నీళ్లు కాలువ కట్టి తులసికోట వైపు దారి తీశాయి. అమ్మ లోపల్నుంచి చూసిందో, వాసన పట్టిందో తెలీదు. "దీపం పెట్టే చోటికి ఆ కంపు నీళ్లు రానిచ్చావంటే చూడు!" అని కేకేసింది. చీపురుతో కట్ట కట్టినట్టు గేటు వైపు మళ్లించాను.

తర్వాత పైనుంచి కిందికి, అద్దాలు, ట్యాంకు, సీటు, పక్క డొప్పలు. గుడ్డని షాంపూలో ముంచడం, తుడవడం, ఉత్త నీళ్లలో జాడించి మళ్లీ షాంపూలో ముంచడం. చక్రాలకి, ఇంజనుకి వేరే గుడ్డ. హ్యాండిల్ దగ్గర క్లచ్ లివరు వెనక తుడుస్తుంటే పాత బనియను ముక్క దేనికో తగులుకుని రాలేదు. మెల్లగా లాగాను. బనియను దారం పట్టుకున్నది ముల్లు కాదు, క్లచ్ వైరు. లివరు లోపల వైరు కొస దగ్గర సన్న తీగలు నాలుగు తెగి, పిల్లి మీసాల్లా పైకి లేచి ఉన్నాయి. ఇంకెన్ని మిగిలాయో టార్చి వేసి లెక్కపెట్టబోయాను గానీ గ్రీజు మధ్య లెక్క తెగలేదు. వారం నుంచీ క్లచ్ బరువుగా ఉందనుకుంటూనే ఉన్నాను, చలికాలం కదా అని సరిపెట్టుకున్నాను. వైజాగ్‌లో చలేంటి నా మొహం! ఏ హనుమంతువాక సిగ్నల్ దగ్గరో, వెనక బస్సు హారన్ కొడుతుండగా పుటుక్కుమని ఉంటే?

నాన్నని పిలిచి చూపించాను. కళ్లజోడు సవరించుకుని, లివరు రెండుసార్లు నొక్కి చూసి, "ఈ వారం గడవదు" అన్నాడు. ఆయన కుర్చీ ఇంక వరండాలోకి తిరిగి వెళ్లలేదు. బండి పక్కనే వేసుకుని కూర్చున్నాడు.

ఇంజను రెక్కల మధ్య ఇరుక్కున్న మట్టిని పాప పాత టూత్‌బ్రష్‌తో తీశాను. గాలితో చల్లారే ఇంజను ఇది, ఆ సందులు పూడిపోతే వేడి పోయే దారి ఉండదు. ఇది విసుగు పని, దీని గురించి ఇంతకంటే రాయను.

ఎక్కువసేపు పట్టింది రిమ్ముల దగ్గరే. మా లాసన్స్ బే కాలనీలో సముద్రం పిలిస్తే పలికేంత దూరం. గాలి హాయిగానే ఉంటుంది గానీ ఆ ఉప్పుకి ఇనుము బతకదు. కిటికీ ఊచలు, గేటు గొళ్లెం, బండి రిమ్ములు, అన్నిటికీ ఒకే జబ్బు. ముందు రిమ్ము క్రోమ్ మీద గోధుమరంగు చుక్కలు, గసగసాలు చల్లినట్టు. ఇసుక కాగితంతో రుద్దితే క్రోమ్ కూడా లేచిపోతుంది. దానికి వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు మంచి మందు. రేకుని ఉండ చేసి నీళ్లలో ముంచి మెత్తగా రుద్దితే నిమిషంలో నల్లటి పేస్టు లాంటిది వస్తుంది. గుడ్డతో తుడిస్తే కింద క్రోమ్ మళ్లీ అద్దంలా తేలుతుంది. రేకు క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీత పడదు. లోతుగా తిన్న చోట మాత్రం చిన్న గుంటలు మిగిలాయి, వాటికి ఏ మందూ లేదు. ఒక్కొక్క స్పోకు మధ్య వేళ్లు దూర్చి ముప్పావుగంట కూర్చున్నాను. "పిల్ల లంచ్‌బాక్సుకి రేకు మిగిల్చారా లేదా?" అని మా ఆవిడ అడిగింది. మిగల్చలేదు.

చైను దగ్గర నాన్నే రంగంలోకి దిగాడు. మోకాళ్ల నొప్పులతో బండి నడపడం మానేశాడే గానీ చైన్ కవరు చూస్తే చేతులు ఆగవు. కవరుకున్న రబ్బరు బిళ్ల తీసి, వేలు పెట్టి చైను పైకీ కిందికీ కదిపి, "అంగుళం పైనే ఊగుతోంది, బిగించాలి" అన్నాడు. కవరు విప్పితే చూడాలి. పాత గ్రీజు, వానకాలం ఇసుక కలిసి సానరాతి ముద్దలా తయారయ్యాయి, రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపితే గరగరలాడింది. కిరసనాయిలు, బ్రష్షు నావి. వెనక చక్రం మెల్లగా తిప్పడం నాన్నది. ఇంజను ఆన్ చేసి తిప్పితే సులువు కదా అన్నాను సరదాకి. ఆయన కుడిచేతి వేళ్లు నా మొహం ముందు ఆడించి, "పది పట్టుకుని రిటైరయ్యాను, పదీ పట్టుకునే పోతాను" అన్నాడు. తుడిచాక 90 నంబరు గేరు ఆయిలు చుక్కలు చుక్కలుగా వేశాం, ఎక్కువైంది మళ్లీ తుడిచేశాం. చైను బిగించడానికి స్పానర్లూ ఆయనే తీశాడు.

నీడలో ఆరబెట్టి, పొడిగుడ్డతో ఒత్తి, ట్యాంకుకి పాలిష్ పెట్టాను. తెల్లగా ఆరాక తుడిస్తే నలుపు మీద వేపచెట్టు నీడ కదిలింది. ఎడమ పక్కనున్న సొట్ట కూడా మునుపటికంటే బాగా కనిపించింది. 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను రోజున, చెట్టు కొమ్మ విరిగిపడి చేసిన సొట్ట అది. పాలిష్ పట్టిస్తే సొట్టలు దాగవు, ఇంకా పైకొస్తాయి. డెంటింగ్ చేయిద్దామా అని ఎప్పటిలాగే అడిగాను. "వీధిలో ఇళ్ల మీద రేకులే మిగల్లేదు, బండికి ఆ మాత్రం ఉండొద్దా" అని ఎప్పటిలాగే అన్నాడు. కానీ నల్ల డొప్పలకి కొబ్బరినూనె రాయమన్నాడు. రాస్తే మెరుస్తుంది నిజమే, రేపటికి వీధిలో దుమ్మంతా దాని మీదే. వద్దన్నాను. లోపలికి వెళ్లి చెంబు పెట్టి వచ్చేలోగా ఒక డొప్పకి రాసేశాడు. ఇప్పుడు కుడి పక్క మెరుస్తోంది, ఎడమ పక్క లేదు.

స్టార్ట్ చేస్తే మొదట ముక్కి మూలిగింది. ప్లగ్గు టోపీలోకి నీళ్లు పోయినట్టున్నాయి. ఊడదీసి తుడిచి పెడితే రెండో కిక్కుకే అందుకుంది. బ్రేకు డ్రమ్ముల్లో తడి ఉంటుందని వీధి చివరిదాకా బ్రేకు కొద్దిగా తొక్కిపట్టి మెల్లగా తిప్పి తెచ్చాను. మొదటి మలుపు దగ్గర బ్రేకు అసలు పట్టలేదు. వెనక్కి వచ్చేటప్పుడు పట్టింది. క్లచ్ మాత్రం నొక్కినప్పుడల్లా ఆ నాలుగు మీసాలే గుర్తొచ్చాయి.

రాత్రి పదిన్నర. సబ్బుతో నాలుగుసార్లు కడిగినా గోళ్ల సందుల్లో నలుపు, కిరసనాయిలు వాసన పోలేదు. అన్నం చెంచాతో తిన్నాను. రేపు ఆఫీసుకి బస్సులో. డాబా గార్డెన్స్‌లో దిగి క్లచ్ వైరు తేవాలి. యాక్సిలరేటర్ వైరు కూడా తెమ్మని నాన్న చీటీ రాసి నా పర్సులో పెట్టాడు. కింద, వేరే పెన్నుతో, "రేకు చుట్ట 1" అని మా ఆవిడ రాత.