వీణతో ఆరు నెలల లెక్క

జనవరి 5

నిరుడు దసరాకి పెట్టిన వీణ రీల్‌ని 41,000 మంది చూశారు. వాళ్లలో పేరు తెలిసినవాళ్లు పది మంది కూడా లేరు, వచ్చిన డబ్బు సున్నా. స్పాటిఫైలో ఉన్న నా రెండు కృతులదీ అదే కథ. 2024 నుంచి అక్కడ ఒక ట్రాకుకి ఏడాదిలో కనీసం 1,000 వినికిళ్లు ఉంటేనే రాయల్టీ లెక్కలోకి తీసుకుంటున్నారు. నాది 612 దగ్గర ఆగింది.

పొద్దున్న కాలేజీలో పాఠాలు, సాయంత్రం గంటన్నర వీణ, ఆదివారం రికార్డింగు. ఫిడేలుకి పేరుపడ్డ విజయనగరంలో పుట్టి అది పట్టకుండా ఇదేమిటని అడిగేవాళ్లకి ఇప్పటికీ జవాబు లేదు. ఉద్యోగం మానేసే ఆలోచన కూడా లేదు. తీగల ఖర్చు, వాటి కింద వరసగా ఉండే మెట్లు సరిచేయించే ఖర్చు వీణే సంపాదించుకోవాలి, అంతే ఈ ఏడాది పట్టుదల.

జనవరి 19

కళాకారులు తమ సంగీతం నేరుగా అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో పేజీ తెరిచాను. డిజిటల్ అమ్మకం మీద వాళ్ల వాటా 15 శాతం, చెల్లింపు రుసుము దానికి అదనం. కొన్ని నెలల్లో మొదటి శుక్రవారం వాళ్ల వాటా వదులుకుంటారు. 2020 మార్చిలో, కరోనాతో కచేరీలు ఆగిపోయినప్పుడు మొదలైన పద్ధతి అది. కొత్తది ఏదైనా పెడితే ఆ రోజు చూసుకుని పెట్టాలి.

ఒక్కో కృతీ ఒక్క డాలరుకి పెట్టడం నా మొదటి తప్పు. చెల్లింపు రుసుములో శాతం కాక ప్రతిసారీ కొన్ని సెంట్లు స్థిరంగా పోతాయి. డాలరులో అది పెద్ద కోతే. మూడు కలిపి 5 డాలర్లు చేశాను.

రెండో తప్పు పిన్ని బయటపెట్టింది. గుంటూరు నుంచి కొనబోయి, అరగంట కుస్తీ పట్టి ఫోన్ చేసింది: "ఇదేం గోలే తల్లీ, డబ్బులిస్తానన్నా తీసుకోదు!" ఆ పేజీలో డబ్బు నాకు చేరేది పేపాల్ ద్వారా. 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఒకరి నుంచి ఇంకొకరికి పేపాల్ చెల్లింపులు లేవు, విదేశాల నుంచి వచ్చేవే తీసుకోగలం. ఈ సంగతి చదువుకోకుండా పేజీ పెట్టింది నేనే. ఇప్పుడు బయటివాళ్లకి ఆ పేజీ, ఇక్కడివాళ్లకి యూపీఐ క్యూఆర్. యూపీఐలో నాకు పైసా పోదు. జీతం పడే ఖాతా కాకుండా వేరే ఖాతా పెట్టుకున్నాను, ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేసేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు. డబ్బు పడగానే ఫైలు లింకు నేనే పంపాలి. చాకిరీయే, కానీ కొన్న ప్రతి మనిషితో రెండు ముక్కలు మాట్లాడక తప్పడం లేదు.

ఫిబ్రవరి 9

వాట్సాప్‌లో గ్రూపు పెట్టలేదు. గ్రూపంటే మూడో రోజు నుంచి గుడ్ మార్నింగ్ గులాబీలే. ఒకే సందేశం అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టాను, 256 మంది దాకా పడతారు. నా నంబరు సేవ్ చేసుకోనివాళ్లకి సందేశం చేరదన్న సంగతి 70 మందికి పంపాక తెలిసింది. సగం మందికి ఒంటి టిక్కే. ఇప్పుడు లిస్టులో చేరతామన్నవాళ్లని ముందు నంబరు సేవ్ చేసుకోమంటున్నాను.

ఫైళ్ల సంగతి: కుదించని వేవ్ ఫైలు (44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో) నిమిషానికి దాదాపు 16 ఎంబీ. ఏడు నిమిషాల కృతి 110 ఎంబీ దాటుతుంది. అందుకే వేవ్‌కి డ్రైవ్ లింకు, ఎంపీ3 అయితే వాట్సాప్‌లోనే డాక్యుమెంటుగా.

మార్చి 2

నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను. ఇప్పటిదాకా కొన్నది 23 మంది. వాళ్లలో 17 మంది వీణ నేర్చుకుంటున్నవాళ్లు! కచేరీ విన్నట్టు వింటారనుకుని నేను కృతులు పెడుతుంటే, వాళ్లు వేలు ఎక్కడ లాగుతున్నానో చెవులు రిక్కించి వింటున్నారు.

డల్లాస్‌లో ఉండే ఒకమ్మాయి అడిగింది: "మేడం, మోహన వర్ణం నెమ్మదిగా వాయించి ఇస్తారా? మా మాస్టారు వారానికి ఒక్కసారే ఆన్‌లైన్‌లో దొరుకుతారు." వర్ణమంటే నేర్చుకునేవాళ్లు సాధనకి వాయించే రచన, ఇది మోహన రాగంలోది. వీడియో స్పీడు సగం చేసుకోవచ్చుగా అన్నాను. "చేశానండీ. గమకం జిగురులా సాగుతోంది." నేనూ చేసి చూశాను, నిజమే. వేగంగా వాయించేటప్పుడు గమకంలో, అంటే తీగ లాగి స్వరాన్ని ఊపడంలో, కొంత మింగేస్తాం. దాన్ని సాగదీస్తే మింగినది తిరిగి రాదు. నిజంగా మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో, వాయిస్తేనే ఏ మెట్టు మీద ఎంత లాగుతున్నామో తెలుస్తుంది.

అలా పుట్టింది వర్ణం సెట్టు. మొదటి కాలం నిమిషానికి 50 దెబ్బల లెక్కన, తర్వాత దానికి రెట్టింపు వేగంతో రెండో కాలం, మాటల్లేని స్వరాల వరస చిట్టస్వరం విడిగా, చివర ఉత్త తంబూరా. నా వీణ శృతి, అంటే 'స' పలికే ఎత్తు, మూడు. రెండున్నరలో, నాలుగులో ఉన్నవాళ్ల కోసం ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో అర స్వరం కిందికీ పైకీ మార్చి ఇంకో రెండు కాపీలు. ఇక్కడ 150 రూపాయలు, బయట 5 డాలర్లు.

ఏప్రిల్ 6

శ్రీరామనవమి. పందిరి మైకు మా కిటికీ వైపే తిరిగి ఉంది కాబట్టి రికార్డింగు లేదు, లెక్కలే. మార్చిలో యూపీఐ సెట్లు 31, అంటే 4,650 రూపాయలు. విదేశాలవి 11, కోతలన్నీ పోను సుమారు 3,400.

సినిమా పాటలు వాయించి అమ్మమని రోజుకొకరు అడుగుతున్నారు. వాటికి హక్కుదారులున్నారు, ముందుగా నోటీసు, రాయల్టీ, చాలా తతంగం. త్యాగరాజస్వామి 1847లో గతించారు, ఆయన కృతుల మీద కాపీరైట్ లేదు. నేను వాయించిన రికార్డింగు మాత్రం నాదే.

ఈ నెల మరిచిపోలేనిది రాజమండ్రి పెద్దాయన వాయిస్ మెసేజ్. ఎనభై దాటాయట. వాళ్లమ్మగారు పాడే మంగళహారతి వీణ మీద వినాలని ఉందంటూ నలభై సెకన్లు పాడి పంపారు. ఊపిరి అందక మధ్యలో రెండుసార్లు ఆగారు. స్వరాలు ఎక్కేటప్పుడు వింటే మధ్యమావతి రాగంలా ఉంది. చివర దిగేటప్పుడు రిగరిస అంటున్నారు, ఆ గాంధారం ఉందంటే శ్రీరాగం. పదిసార్లు విని, మెట్ల మీద వెతుక్కుని, మూడు నిమిషాలు వాయించి పంపాను. రేటు చెప్పలేదు. గంటలో 1,116 రూపాయలు పడ్డాయి. వెనక్కి పంపేస్తానంటే అమ్మ కోప్పడింది: "సంభావన తిప్పి పంపుతారుటే?"

మే 18

నెలకు 100 చందా పెట్టిన ప్రయోగం ఫెయిల్. మొదటి నెల 19 మంది, రెండో నెల 8. ఎవరికీ ఇష్టం లేక కాదు, గుర్తుండక. గుర్తు చేస్తుంటే పాలవాడిలా అనిపించి మానేశాను. ఆరు నెలలకి ఒకేసారి 500, అందులో నెలకో సెట్టు అన్నాను. 14 మంది కట్టారు.

జూన్ 1

డల్లాస్ అమ్మాయి మళ్లీ: "మేడం, కొత్త సెట్టులో మూడో ఆవర్తంలో గాంధారం కొంచెం తగ్గిందేమో, చూస్తారా?" ఆవర్తమంటే తాళం ఒక చుట్టు. ముందు ఒళ్లు మండింది. ట్యూనర్ పెట్టి చూస్తే తగ్గింది. మే ఎండకి మెట్లని పట్టి ఉంచే మైనం మెత్తబడి ఆ మెట్టు రవ్వంత జరిగింది. వేలితో తడిమితే అంచు దగ్గర మైనం చిట్లి ఉంది. రెండో కాలంలో నా చెవికి కూడా దొరకలేదు. నెమ్మదిగా వాయించింది కాబట్టి పట్టుబడ్డాను.

ఆ సెట్టు కొన్న 12 మందికీ విషయం రాశాను: డబ్బు వెనక్కి కావాలంటే ఇస్తాను, ఆగితే కొత్త రికార్డింగు పంపుతాను. ఒక్కరూ వెనక్కి అడగలేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి నుంచి మెట్లు అమర్చే ఆయన వచ్చే ఆదివారం వస్తానన్నారు. ఖర్చు ఈసారి వీణ ఖాతాలోంచే. అప్పటిదాకా రికార్డింగు లేదని లిస్టుకి పెడితే, సాయంత్రానికి నలుగురు ఒకటే అడిగారు: మా వీణకీ అదే జబ్బు, ఆయన నంబరు ఇస్తారా అని. ఆయన్ని అడిగి ఇస్తానన్నాను.