రెండు పేపర్లు

2024 జూలై 1, సోమవారం

పొద్దున ఆరింటికే ఊరి సచివాలయం అమ్మాయి పింఛను డబ్బులు తీసుకుని వచ్చింది. నాన్నకి కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయి ఇవాళ్టికి అయిదో రోజు. నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ అమ్మాయి ఆయన వేలు పట్టుకుని మెషీన్ మీద పెట్టించి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి చేతికిచ్చింది. ఏడు వేలు. పెంచిన పింఛను నాలుగు వేలు, ఏప్రిల్ నుంచి మూడు నెలల తేడా మూడు వేలు. నాన్న డబ్బు వైపు చూడలేదు. "మా తమ్ముడికి ఇచ్చావా అమ్మా?" అని అడిగాడు.

"ఆయనకే ముందు ఇచ్చొచ్చానండీ" అంది.

నాన్న నోట తమ్ముడు అన్న మాట వచ్చి దగ్గర దగ్గర నెల అయింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ నా వైపు చూసింది.

బాబాయి ఇల్లు మా ఇంటిని ఆనుకునే ఉంటుంది. తాతయ్య పోయాక ఇంటిని రెండుగా పంచుకుని మధ్యలో గోడ కట్టారు. కట్టేటప్పుడు పెరటి వైపు ఒక మనిషి పట్టేంత సందు వదిలారు. నాన్న తెలుగుదేశం, బాబాయి వైఎస్సార్ కాంగ్రెస్. కులం పేరు వినగానే ఓటు ఎటో చెప్పేసేవాళ్ళకి మా ఇల్లు అంతుపట్టదు. నాన్న ఈనాడు తెప్పిస్తాడు, బాబాయి సాక్షి. సాక్షి మొదలైన 2008 నుంచి ఒకటే వరస. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ సందులోంచి ఈ పేపర్ అటు వెళ్తుంది, ఆ పేపర్ ఇటు వస్తుంది. అవతలివాళ్ళు ఏం అబద్ధాలు రాశారో చూద్దామనే తెప్పించుకునేవాళ్ళు ఇద్దరూ. చదివాక మా అరుగు మీద గంటసేపు వాదన. గొంతులు వీధి చివరికి వినపడేవి. టీ రాగానే ఆగిపోయేది.

మే 13న పోలింగ్. ఆ రోజు, ఆ తర్వాతి రోజులు మా పల్నాడు జిల్లా గొడవలతో ఎలా ఉందో రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. 144 సెక్షన్ పెట్టారు. బంకుల్లో సీసాలో పెట్రోలు పోయడం ఆపేశారు. ఎన్నికల సంఘం కలెక్టర్ని బదిలీ చేసింది, ఎస్పీని సస్పెండ్ చేసింది. మా ఊళ్ళో అంత గొడవ లేదు. నాలుగు రాళ్ళు పడ్డాయి, ఒక కారు అద్దం పగిలింది. అన్ని టెన్షన్ల మధ్య కూడా మా సందులోంచి పేపర్లు మారుతూనే ఉన్నాయి.

ఆగింది జూన్ 4న. లెక్కింపు రోజు మధ్యాహ్నానికే సంగతి తేలిపోయింది. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 164 సీట్లు, వైఎస్సార్ కాంగ్రెస్‌కి 11. మా వీధి కుర్రాళ్ళు డీజే పెట్టుకుని వచ్చి సరిగ్గా బాబాయి వాకిట్లో ఆగి లక్ష్మీబాంబులు కాల్చారు. ఒకటి కొట్టంలోకి పడితే పాడిగేదె పలుపు తెంచుకుని చేలల్లోకి పారిపోయింది. చీకటి పడేదాకా బాబాయి, పిన్ని దాన్ని వెతుక్కున్నారు. ఆ సేపంతా నాన్న మా అరుగు మీదే ఉన్నాడు.

నేను ఆ రోజు హైదరాబాద్‌లో ఉన్నాను. నేను చేసింది కూడా రాయాలి. 11 అంకె మీద అందరూ పంపుకుంటున్న బొమ్మ ఒకటి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అయిదు నిమిషాలకి చెల్లి, అంటే బాబాయి కూతురు, గ్రూపులోంచి వెళ్ళిపోయింది. అది చూసి కూడా నేను ఆ బొమ్మ తీసేయలేదు. ఆ రోజు నాకు గెలిచిన సంతోషం తప్ప ఇంకేం కనపడలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

కాఫీ అయ్యాక నాన్నకి ఈనాడు చదివి వినిపించాను. కళ్ళకి శ్రమ పెట్టొద్దని డాక్టర్ చెప్పినప్పటి నుంచి ఇదే పని. నా సెలవు ఇవాళ్టితో అయిపోతుంది. ముందు మిర్చి రేట్లు, తర్వాత వానల సంగతి, ఆ తర్వాతే మొదటి పేజీ. అంతా అయ్యాక పేపర్ మడిచి, "అటు ఇచ్చి రానా?" అని అడిగాను. వద్దనలేదు. నాన్న వద్దనకపోతే సరే అన్నట్టే.

బాబాయి కొట్టంలో గేదెకి చిట్టు కలుపుతున్నాడు. నన్ను చూసి చెయ్యి కడుక్కుని నులక మంచం వాల్చాడు. ఏడు వేలు ఇంకా చొక్కా జేబులోనే కనపడుతున్నాయి.

"చెప్పినట్టే ఇచ్చారు, కాదనను" అన్నాడు, నేను అడక్కుండానే. "ఏప్రిల్లో ఇంటికి పింఛను తెచ్చే వాలంటీర్లని ఆపేస్తే ఎండలో సచివాలయానికి నడిచాను. మే నెలది బ్యాంకులో వేస్తే అక్కడ లైన్లో నిలబడ్డాను. ఇవాళ మళ్ళీ గడపలోకి వచ్చింది. ఎవరు ఇచ్చినా మంచిదే."

నేను పెట్టిన బొమ్మ సంగతి ఎత్తాను. తప్పయింది బాబాయ్ అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఊరంతా పంపుకున్నారు, దానికేముంది. నువ్వు కూడా పెట్టావనే మీ చెల్లి ఏడ్చింది" అన్నాడు.

అప్పుడు నేను ఒక పొరపాటు చేశాను. ఓదార్చాలనుకుని లెక్కలు మొదలుపెట్టాను. సీట్లు పదకొండే అయినా మీ పార్టీకి 39 శాతం పైగా ఓట్లు వచ్చాయి బాబాయ్, 2019లో 23 సీట్లతో ఓడిపోయినప్పుడు నాన్న పార్టీకి వచ్చినవీ ఇంచుమించు అన్నే, అంటే ప్రతి పదిమందిలో నలుగురు ఓడినవైపే ఉన్నారు అని చెప్పాను. ఆ లెక్క నిజమే. ఎప్పుడు ఎవరు గెలిచినా ప్రతి వీధిలో నాలుగు ఇళ్ళు ఆ రాత్రి దీపాలు తగ్గించుకుని కూర్చుంటాయన్నది నాకు పెద్ద సంగతే. బాబాయికి మాత్రం అది కావాల్సిన మాట కాదు.

"ఓడిపోయినందుకు నాకు బాధ లేదు తల్లీ. ఓడాం, గెలిచాం, రెండూ చూశాం. నా వాకిట్లో బాంబులు కాలుస్తుంటే మా అన్న లేచి రాలేదు. ఒరేయ్, అది మా తమ్ముడి ఇల్లు అని ఒక్క మాట అంటే వాళ్ళు పోయేవాళ్ళు. ఆ ఒక్క మాట అనలేదు."

ఏం చెప్పను? అనలేదన్నది నిజం.

లోపల గోడకి వైఎస్ రాజశేఖరరెడ్డి ఫొటో ఉంది. అది ఎందుకుందో నాకు తెలుసు. చెల్లికి గుండెలో రంధ్రం ఉందని 2008లో తెలిసింది. అమ్ముదామన్నా అప్పుడు బాబాయికి అప్పుల్లో లేని పొలం చెక్క లేదు. రాజశేఖరరెడ్డి పెట్టిన ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీలో హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు, చేతి నుంచి డబ్బు పెట్టనక్కర్లేకపోయింది. ఆ చెల్లికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. బాబాయి ఓటు అక్కడ పడుతుంది, ఎప్పటికీ అక్కడే పడుతుంది. దాన్ని ఎవరైనా అమ్ముడుపోయిన ఓటు అంటే నాకు కోపం వస్తుంది. ఆ ఆసుపత్రి వరండాలో పన్నెండు రాత్రులు బాబాయి పక్కన దుప్పటి పరుచుకుని పడుకున్నది నాన్నే.

నాన్న ఓటు వెనకా అంత కథ ఉంది. మా తాతయ్య అడంగల్ అనే పొలం కాగితం కోసం, ఊరి భూమి లెక్కలు రాసే కరణం ఇంటి ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడటం నాన్న చిన్నప్పుడు చూశాడు. 1984లో ఎన్టీఆర్ కరణాల వ్యవస్థ తీసేసిన రోజు ఊళ్ళో కొబ్బరికాయలు కొట్టారట. ఆడపిల్లలకి ఆస్తిలో వాటా ఇచ్చే చట్టం 1986లో వచ్చింది. చట్టం ఉంది కదా అని కోర్టుకి వెళ్ళే పని లేకుండా నాన్న తనంతట తానే అరెకరం నా పేరున రాశాడు. భూముల రీసర్వే అయ్యాక ఆ అరెకరం పాస్‌బుక్ కొత్తది వచ్చింది. దాని మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఫొటో. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మా నాన్న పొలానికి ఈ ఫొటో ఏంటి?" అన్నాడు. భూమి హక్కుల మీద జగన్ ప్రభుత్వం తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం గురించి ఎన్నికల్లో ఎన్ని మాటలు చెప్పుకున్నారో! ఎవరు ఎంత ఎక్కువ చేసి చెప్పినా, నాన్నకి భయం వేసింది మాత్రం నిజం. పొలం కాగితం కోసం మళ్ళీ ఎవరి ముందో నిలబడాలేమో అన్న భయం అది. చిన్నప్పుడు చూసిన చెప్పులు గుర్తొచ్చిన భయం.

బయల్దేరుతుంటే బాబాయి సాక్షి చేతికిచ్చాడు. "ఆపరేషన్ చేసిన కన్ను కదా. పొయ్యి దగ్గరికి వెళ్ళనీయకండి. చుక్కలు టైముకి వేస్తున్నారా?" అన్నాడు. చుక్కల మందు ఉందని కూడా తెలుసు. అమ్మ, పిన్ని ఈ నెలంతా సందులో కూర గిన్నెలు మార్చుకుంటూనే ఉన్నారు కాబట్టి అటు సంగతులన్నీ ఇటు, ఇటువన్నీ అటు తెలుస్తూనే ఉన్నాయి.

మధ్యాహ్నం నాన్నకి బాబాయి అన్నది ఉన్నదున్నట్టు చెప్పాను. వింటున్నంతసేపూ గడ్డం గోక్కుంటూ ఉన్నాడు. తర్వాత 2021 తీశాడు. అప్పటి పంచాయతీ ఎన్నికల్లో నాన్న వార్డు మెంబరుగా నామినేషన్ వేయాలనుకున్నాడు. ముందు రోజు రాత్రి అవతలివాళ్ళు బాబాయితో కబురు పంపారు. బాబాయి వచ్చి, ఎందుకన్నా గొడవ, ఇంట్లో ఉండు అన్నాడు. నాన్న ఇంట్లో ఉండిపోయాడు. "ఆ రోజు వాడు, నా అన్న నామినేషన్ వేస్తాడు, నేను పక్కన నడుస్తాను అని వాళ్ళతో అన్నాడా? అనలేదుగా" అన్నాడు. మూడేళ్ళుగా ఈ మాట లోపల పెట్టుకుని రోజూ పేపర్ మార్చుకున్నాడన్నమాట. నాకు ఇవాళే తెలిసింది.

ఇద్దరికీ ఒకే దెబ్బ. ఎవరికి ఓటేశావని ఒకరి మీద ఒకరికి కోపం లేదు. అందరి ముందూ నా వైపు నిలబడలేదే అన్నదే బాధ. నాన్నతో నా మనసులో ఉన్నది చెప్పేశాను. "ఆ రోజు బాబాయి భయపడ్డాడు నాన్నా. అప్పుడు వాళ్ళ రాజ్యం కాబట్టి నీకేమవుతుందో అని భయపడ్డాడు. జూన్ 4న నీకు ఎవరి భయం ఉంది? గెలిచింది మనం. గెలిచినవాళ్ళే ముందు వెళ్ళాలి. ఓడినవాడు వస్తే కాళ్ళ బేరానికి వచ్చాడంటారు. బాబాయి ఎలా వస్తాడు?"

నాన్న ఏమీ అనలేదు. "ఆ పేపర్ చదువు" అన్నాడు. సాక్షి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివించుకున్నాడు. ఎప్పుడూ అడ్డుపడి తిట్టే చోట్ల కూడా ఊరికే విన్నాడు.

సాయంత్రం అయిదున్నరకి మబ్బు పట్టింది. నాన్న లేచి చొక్కా వేసుకుని, నల్లద్దాలు సర్దుకుని, చేతికర్ర అడిగాడు. నేను పెరటి వైపు దారి చూపించబోయాను, సందులోంచి అయితే పది అడుగులు.

"వీధిలోంచి వెళ్తా" అన్నాడు. "కాల్చింది వీధిలోగా."

నేను చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు. పాల కేంద్రం దగ్గర కూర్చున్న కుర్రాళ్ళు మాటలాపి చూశారు. ఆ రోజు డీజే తెచ్చినవాళ్ళలో ఇద్దరు వాళ్ళలో ఉన్నారు. నాన్న వాళ్ళ ముందు నుంచే నడిచి బాబాయి వాకిట్లో ఆగాడు. గేదె పలుపు తెంచుకున్న కొట్టం వైపు కాసేపు చూశాడు. ఆ తర్వాత గొంతు పెంచి, వీధికంతా వినపడేలా, "ఒరేయ్ తమ్ముడూ, ఆ రోజు నేను లేచి రావాల్సింది" అన్నాడు.

బాబాయి గుమ్మంలోకి వచ్చాడు. సమాధానం చెప్పలేదు. నాన్న చేతికర్ర తీసుకుని గోడకి ఆనించి, "దుమ్ము లేస్తంది, కంట్లో పడుద్ది. లోపలికి రా" అన్నాడు.

నేను అక్కడి నుంచి వచ్చేశాను. ఎనిమిదింటికి కూడా నాన్న రాలేదు. మధ్యలో రెండుసార్లు గొంతులు పెద్దవైతే అమ్మ లేచి సందు దాకా వెళ్ళి, పత్తి విత్తనాల గురించే అని చెప్పి వెనక్కి వచ్చింది. 2021 సంగతి ఎత్తారో లేదో తెలియదు.

రేపు ఉదయం అయిదింటికి సాగర్ మీదుగా వెళ్ళే బస్సుకి హైదరాబాద్ వెళ్ళాలి. భోజనానికి ముందు చెల్లికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెసేజ్ పెట్టాను. రెండు టిక్కులు పడ్డాయి. బస్సు ఎక్కాక మళ్ళీ చేస్తాను.