రికార్డింగ్ ఆపాక వచ్చే మాటలు

టంగుటూరు చుట్టుపక్కల పొగాకు గ్రేడింగ్‌కి, అంటే ఆకుల్ని రకాలవారీగా ఏరే పనికి, వెళ్లే ఆడవాళ్లతో మాట్లాడటమే నా పీహెచ్‌డీ. ప్రశ్నల కాగితం తీస్తే అందరిదీ ఒకటే జవాబు, "బాగానే ఉందమ్మా." ఫోన్‌లో రికార్డింగ్ ఆపి లేవబోతుంటే అప్పుడొస్తుంది అసలు మాట. "ఎంత కడిగినా చెయ్యి చేదేనమ్మా, పిల్లోడికి ముద్ద పెడితే ఉమ్మేస్తాడు" అందొక అక్క. ఇది రాసుకోవచ్చా అని అక్కడే అడుగుతాను. సరేనంటేనే ఆ రాత్రి నోట్సులోకి ఎక్కుతుంది.

గంట సంభాషణని పొల్లుపోకుండా టైపు చేయడానికి సగం రోజు పడుతుంది. మధ్యలో కోళ్ల గోల ఒకటి! తర్వాత ఒక్కో వాక్యం పక్కన దాని సారాన్ని రెండు మాటల్లో రాస్తాను. కోడింగ్ అంటే ఇదే. చేదు చెయ్యి పక్కన 'ఆరోగ్యం' అని రాస్తే చప్పగా ఉంది, 'ఇంటిదాకా వచ్చే పని' అని మార్చాను. అక్కణ్ణుంచి వేరే ఇంటర్వ్యూల్లోనూ అదే కనబడసాగింది. వేలంలో రైతు బేళ్లకు నోబిడ్ పడితే, అంటే ఎవరూ పాట పాడకపోతే, ఆ తిట్లు కూడా వీళ్ల గడపకే వస్తాయట.

సేకరణ, విశ్లేషణ కలిసే నడవాలని గ్లేజర్, స్ట్రాస్ అనే సమాజశాస్త్రవేత్తలు 1967లోనే చెప్పారు. అన్నీ పోగేశాక చూద్దామనుకుంటే ఈ నోబిడ్ సంగతి నేను ఎవర్నీ అడిగేదాన్నే కాదు. ఎంతమందిని కలిశావనే లెక్క కంటే, కొత్త సంగతులు రావడం ఆగిందా లేదా అన్నదే నాకు ముఖ్యం.

ఇంకా ఆగలేదు. వచ్చే వారం కొండపి వెళ్లి రైతుల వైపు మాట కూడా వినాలి.