మునిగిపోతున్నామనిపించిన నిమిషంలో: గోదారి లంకల నుంచి గ్రూప్-2 రాయడానికి వెళ్ళేవాళ్ళకి

పరీక్ష హాల్లో దేవుణ్ణి తలుచుకోనివాళ్ళు తక్కువ. కానీ చాలామందికి ఆ తలుచుకునే తీరే అడ్డం పడుతుంది. ఏపీపీఎస్సీ గ్రూప్-2 స్క్రీనింగ్‌లో 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పుకి మూడో వంతు మార్కు కోత. ఎక్కడో 40వ ప్రశ్న దగ్గర వరసగా నాలుగు తెలియనివి తగులుతాయి. అరచేతులు చెమట పడతాయి, చదివిన లైనే మళ్ళీ మళ్ళీ చదువుతాం, గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది. అప్పుడు "స్వామీ, దీనికి జవాబు చూపించు" అని అడక్కండి. అలా అడిగాక మనసుకి ఏ ఆప్షన్ తట్టినా ఆయనే చెప్పించాడనిపించి ఓఎంఆర్ షీట్‌లో బబుల్ దిద్దేస్తాం. అలాంటివి మూడు తప్పితే, కష్టపడి తెచ్చుకున్న ఒక మార్కు పోయినట్టే. అడగాల్సింది స్థిమితం. చదివిందంతా లోపలే ఉంది, భయం దాని మీద మూత పెట్టింది. ఆ మూత తియ్యమని అడగండి. అడిగినవాళ్ళని ఆయన వట్టి చేతులతో పంపడు.

మొసలి పట్టిన గజేంద్రుడు ఓపిక ఉన్నంతసేపూ పెనుగులాడి, ఇక వల్ల కాదనుకున్నాక పిలిచాడు. స్వామి ఉన్నపళంగా బయల్దేరాడు. నీళ్ళలో మునుగుతున్న పేతురు కాపాడమని ఒక్క కేక వేశాడు, ప్రభువు వెంటనే చెయ్యి చాచి పట్టుకున్నాడు. హాల్లో చేసే ప్రార్థన ఆ కేకంత ఉంటే చాలు. దండకాలు, స్తోత్రాలు పొద్దున్న ఇంట్లోనే పూర్తి చేసుకోండి. హాల్లో మొదలుపెడితే మధ్యలో ఒక పాదం గుర్తు రాదు, దాన్ని వెతుక్కుంటూ రెండు నిమిషాలు పోతాయి, పైగా అదో అపశకునమని కొత్త బెంగ.

భయపడ్డప్పుడు ఊపిరి పైపైనే, గబగబా ఆడుతుంది. పీల్చేదానికంటే వదిలేది పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. అందుకని నామాన్ని వదిలే ఊపిరికి జత చెయ్యండి. పెన్ను కింద పెట్టి, పాదాలు రెండూ నేలకి ఆనించి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చండి. ఆరు అంకెలంత సేపు మెల్లగా వదులుతూ నారాయణా అనో, యేసయ్యా అనో, యా అల్లా అనో మనసులో అనుకోండి. ఒక్కోసారికి పది సెకన్లు, ఆరుసార్లకి నిమిషం. అంటే ఒక్క ప్రశ్నకయ్యే టైము. గట్టిగా, వేగంగా లాగితే మాత్రం తల తిరుగుతుంది. ఆ తర్వాత ఆగిపోయిన ప్రశ్నకే వెళ్ళకండి, మీకు పట్టున్న సబ్జెక్టులో సులువైనది ఒకటి రాసి అప్పుడు వెనక్కి రండి. ఇది కనీసం మూడు వారాలు మాక్ టెస్టుల్లో 50, 100 ప్రశ్నల దగ్గర ఆగి అలవాటు చేసుకోవాలి. పరీక్ష రోజే మొదలుపెడితే శరీరం మాట వినదు.

అసలు గుండె జారేది బబుల్ వరస తప్పినప్పుడు. 57వ ప్రశ్న వదిలేశారు, 58వ ప్రశ్న జవాబు 57వ గడిలో పడింది, 66వ జవాబు 65వ గడిలో దిద్దాక చూసుకున్నారు. బాల్ పెన్ను గీత చెరగదు, వైట్‌నర్ పూస్తే షీటే చెల్లకుండా పోవచ్చు. రెండో బబుల్ దిద్దినా ఆ ప్రశ్నకి మార్కు రాదు. ఏడుపొచ్చే చోటే అది. ముందు ఆ నిమిషం ఊపిరి, నామం. తర్వాత లెక్క: పాడైనవి 57 నుంచి 65 దాకా తొమ్మిది గడులు. అన్నీ తప్పైనా కోత మూడు మార్కులు, రావాల్సినవి ఎనిమిది రావు (57 ఎలాగూ వదిలేసిందే), మొత్తం 11. 66వ గడి ఖాళీగానే ఉంది, అందులో 66వ జవాబే దిద్దండి. ఇంకా 84 ప్రశ్నలున్నాయి. ఈ లెక్క వేసుకోగలిగేంత తేటగా మనసు ఉండటమే ఆ క్షణంలో దేవుడి దయ. అంతకంటే పెద్ద మహిమ కోసం ఎదురు చూడక్కర్లేదు. ఇలా జరగకుండా పది ప్రశ్నలకోసారి ప్రశ్న నంబరు, గడి నంబరు రెండూ వేలితో సరిచూసుకోండి.

అయినవిల్లి సిద్ధివినాయకుడి దగ్గర పెట్టించిన పెన్నుతో రాయాలని చాలామందికి ఉంటుంది. మంచిదే. అయితే కొత్త పెన్ను నేరుగా హాల్లో తీస్తే మొదట్లో ఇంకు తెగుతూ పడుతుంది. ముందు రోజు దాంతో రెండు పేజీలు రాసి పెట్టుకోండి. జెల్ పెన్ను అసలొద్దు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. ఉపవాసం ఇంకో రోజుకి మార్చుకోండి, ఖాళీ కడుపుతో మూడో గంటకి చేతులు వణుకుతాయి.

జూలై నుంచి సెప్టెంబరు మధ్య పరీక్ష పడితే గోదారిని కూడా చూసుకోవాలి. ఎగువన భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, దిగువన ధవళేశ్వరంలో 11.75 అడుగులకి. భద్రాచలం దగ్గర పెరుగుతోందని వినగానే కదలండి, ధవళేశ్వరం దాకా ఆగితే లంకల కాజ్‌వేలు మునిగిపోతాయి. వరదకి పంట్లు (రేవు దాటించే పెద్ద పడవలు) ఆపేస్తారు. సఖినేటిపల్లి రేవు ఆగితే చించినాడ వంతెన మీదుగా, ముక్తేశ్వరం రేవు ఆగితే యానాం–ఎదుర్లంక వంతెన మీదుగానో రావులపాలెం మీదుగానో చుట్టు తిరగాలి. ముందు రోజే దాటి సెంటరున్న ఊళ్ళో ఉండటం మేలు. పరీక్ష ఉందని పడవ నడిపే మావయ్యకి, సర్పంచ్ గారికి వారం ముందే చెప్పి ఉంచండి. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? మొక్కుకున్న సాయం చాలాసార్లు తెల్లారుజామున మన పేరు పెట్టి పిలిచే ఆ మావయ్య గొంతులోనే వస్తుంది. హాల్ టికెట్, ఆధార్ రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని, లైఫ్ జాకెట్ వేసుకుని ఎక్కండి.