ఎదుటపడ్డాక చిన్నబోయే ప్రతినాయకులు

ఆదివారం, రాత్రి

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క కొడుకు హ్యారీ పోటర్ నాలుగో పుస్తకంలో ప్రతినాయకుడు వోల్డెమార్ట్ శ్మశానంలో తిరిగి శరీరం పొందే ఘట్టం ముగించి, "మామయ్యా, పేరెత్తితేనే అందరూ వణికింది ఇతనికేనా? పద్నాలుగేళ్ల పిల్లాణ్ణి పట్టుకోలేకపోయాడేం?" అని అడిగాడు. నేను జవాబు వెతుక్కునేలోగా వాడు బ్యాటు పట్టుకుని వీధిలోకి వెళ్లిపోయాడు గానీ, సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతున్నంతసేపూ నేను దాని గురించే ఆలోచించాను.

అంతకుముందు మూడు పుస్తకాల్లో వోల్డెమార్ట్ తన పూర్తి రూపంతో కనబడడు. అతని పేరు పలకడానికి జంకే మనుషులే మనకు అతణ్ణి పరిచయం చేస్తారు. భయపడ్డవాళ్లు చెప్పే కథకు కొలత ఉండదు కాబట్టి, ప్రతి పాఠకుడూ తనకు చేతనైనంత పెద్ద రూపాన్ని ఊహించుకుంటాడు. తీరా ఎదుటికి వచ్చాక ఆ మనిషికి ఒక ఎత్తు, ఒక ముఖం, ఒక గొంతు ఏర్పడతాయి. పైగా అతడు అనుచరులను చుట్టూ నిలబెట్టుకుని తన గతమంతా తానే చెప్పుకుంటాడు. స్వోత్కర్షకు దిగినవాడు వినేవారికి కొంత లోకువ కాక తప్పదు. ఇక కథ ఏడు భాగాలు సాగాలంటే పిల్లవాడు బతికి బయటపడాలి, అంటే విలన్ ప్రతిసారీ విఫలం కావాలి.

ఈ చిక్కును ఆంగ్ల రచయిత టోల్కీన్ బాగా గ్రహించాడని నా అభిప్రాయం. 1954-55లో మూడు సంపుటాలుగా వెలువడిన అతని 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' ప్రధాన కథలో ప్రతినాయకుడు సౌరాన్ ఎవరి ఎదుటా వచ్చి నిలబడడు. నాయకుడి బృందంలోని పిప్పిన్ అతణ్ణి దూరాన ఉన్నవాటిని చూపే పాలంటీర్ రాతిలో చూస్తాడు కానీ రూపం వర్ణించడు. ఒకప్పుడు అతనికి బందీగా చిక్కిన గొల్లమ్ ఆ నల్లటి చేతికి నాలుగే వేళ్లున్నాయని మాత్రం అంటాడు. చివరికి అతని రాజ్యపు నల్ల ద్వారం దగ్గరికి కూడా దూతే వస్తాడు. 2003 నాటి సినిమా కోసం ఆ ద్వారం ముందు కథానాయకుల్లో ఒకడైన అరగోర్న్‌తో సౌరాన్ స్వయంగా పోరాడే సన్నివేశాన్ని చిత్రీకరించి, తర్వాత మనసు మార్చుకుని, సౌరాన్ స్థానంలో కంప్యూటర్ సాయంతో ట్రోల్ అనే ఒక భారీ రాక్షసజీవిని పెట్టారు. ఎంత మంచి పని చేశారో! కత్తి దూసి ఎదుట నిలిచి ఉంటే అతడు కూడా మరొక బలమైన యోధుడిగానే మిగిలేవాడు.

అయితే దాచిపెట్టడమొక్కటే మార్గం కాదు. అదే కథలో దారితప్పిన మాంత్రికుడు సారుమాన్ యుద్ధం ఓడి, తన గోపురంలోనే చిక్కుకుపోయి కూడా, పైనుంచి నాలుగు మాటలు మాట్లాడేసరికి కింద నిలిచిన రోహన్ రాజ్యపు రౌతులకు తమ రాజు గొంతే మొరటుగా వినిపిస్తుంది. అతణ్ణి గురించి ముందుగా విన్న హెచ్చరికలకంటే ఎదుట విన్న ఆ గొంతే ఎక్కువ భయపెడుతుంది.

వంట ముగిశాక, చదివి చాలాకాలమైన సుందరకాండను తీశాను. అశోకవనంలో సీత ఒక గడ్డిపోచను మధ్యన ఉంచుకుని రావణుడితో మాట్లాడుతుంది. మూడు లోకాలనూ గడగడలాడించినవాడు ఆమె ముందు బతిమాలి, బెదిరించి, రెండు నెలల గడువు చెప్పి వెళ్లిపోతాడు. చెట్టు మీదినుంచి హనుమంతుడు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. అయినా తర్వాత బందీగా కొలువులోకి వచ్చి రావణుణ్ణి దగ్గరగా చూసినప్పుడు "అహో రూపమహో ధైర్యం" అని విస్తుపోతాడు. అధర్మమే లేకపోతే ఇంద్రుడితో సహా సురలోకానికే రక్షకుడు కాదగినవాడనుకుంటాడు. వాల్మీకి ఈ మాటను లంకకు జడిసి పారిపోయిన ఏ దేవతచేతనో అనిపించి ఉంటే నేనింతగా నమ్మేవాణ్ణి కాదు. అలా ఆశ్చర్యపోయిన హనుమంతుడే కాసేపటికి లంకకు నిప్పంటించాడు.