రెండు బకెట్లు: చేప వ్యర్థం నుంచి నూనె తీసిన నా అనుభవం

రాజమహేంద్రవరంలో మాది చేపల దుకాణం. కొల్లేరు వైపు చెరువుల నుంచి శీలావతి, బొచ్చె, పంగస్, రూప్‌చంద్ వస్తాయి. నేనూ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ కత్తిపీటల ముందు కూర్చుని కోసిస్తాం. మన దగ్గర పెరిగే చేపల్లో చాలా భాగం ఐసు పెట్టెల్లో లారీలెక్కి కోల్‌కతాకీ, గువాహటికీ నిండు చేపగానే వెళ్ళిపోతుంది కాబట్టి దాని పేగులు, మొప్పలు అక్కడివాళ్ళ బాధ. మాకు మిగిలేది ఊళ్ళో తినే చేపది. అయినా ఆదివారం మధ్యాహ్నానికి పీపాలు నిండిపోయేవి. చెత్త బండి వచ్చేది మర్నాడు. ఎండాకాలంలో ఆ రాత్రి మా వీధిలో ఎవరూ కిటికీ తెరిచేవాళ్ళు కాదు. మేతకి పట్టుకెళ్తామని చెరువులవాళ్ళు అడిగేవాళ్ళు. కోడి వ్యర్థాలు చెరువుల్లో పోసినవాళ్ళ మీద కేసుల సంగతి పేపర్లో చూస్తూనే ఉన్నాం, ఆ గొడవ మాకొద్దనుకున్నాం.

మొదట విన్నది మీనామృతం గురించి. చేప వ్యర్థం ఎంతో బెల్లం అంత వేసి మూతపెట్టి ఊరబెడితే మొక్కలకి కొట్టే ద్రావణం వస్తుంది. పెరట్లో ఒక కుండకైతే భేషైన పద్ధతి. మా ఆదివారపు సరుకుకి సరిపడా బెల్లం కొనాలంటే మాత్రం చేపల వ్యాపారం మానేసి బెల్లం వ్యాపారం పెట్టుకోవాలి. కొచ్చిలో 1957లో మొదలైన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకి విశాఖపట్నంలో కూడా పరిశోధన కేంద్రం ఉంది. బెల్లం బదులు ఫార్మిక్ ఆమ్లం వేసే పద్ధతి అక్కడివాళ్ళు చెప్పగా తెలిసింది. దాన్ని సైలేజీ అంటారు.

పద్ధతి చెప్పడానికి తేలికే. వ్యర్థాన్ని కైమా మెషీన్‌లో వేసి మెత్తగా ఆడించాలి. నూరు కిలోలకి మూడు కిలోల లెక్కన ఆమ్లం కలపాలి. పులుపు కొలిచే పీహెచ్ కాగితం ముంచితే 4 కంటే కిందికి రావాలి. అంత పులుపులో కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు బతకవు. చేప కడుపులోని ఎంజైములు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి, అవే మాంసాన్ని కరిగించి జావలా చేస్తాయి. మన ఎండలకి రోజుల్లోనే కరుగుతుంది, సంక్రాంతి చలిలో బాగా నెమ్మదిస్తుంది. ఇనుప డ్రమ్ము పనికిరాదు, ఆమ్లం తినేస్తుంది. మందపాటి నీలం ప్లాస్టిక్ పీపాలు కావాలి, రోజూ సరుగుడు కర్రతో అడుగునుంచి కలపాలి. మార్కెట్లో దొరికే 85 శాతం ఫార్మిక్ ఆమ్లం చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది, ఆవిరికే కళ్ళు మండుతాయి. రబ్బరు చేతొడుగులు, కళ్ళజోడు లేకుండా సీసా మూత తీయనివ్వను.

నన్ను ఆశ్చర్యపరిచింది ఈగలు. పులుపు సరిగ్గా పడిన పీపా మీద ఒక్క ఈగ వాలదు. వాసన ఉంటుంది కానీ కుళ్ళు కంపు కాదు, పుల్లటి వాసన. పక్కింటివాళ్ళతో మాట పోయినదాన్ని, ఆ ఈగలు లేకపోవడం వల్లే మళ్ళీ మాట కలిసింది.

నూనె దగ్గర మాత్రం తేలిగ్గా తేలలేదు. పంగస్ కడుపు కోస్తే పేగుల చుట్టూ తెల్లటి కొవ్వు గడ్డలు గడ్డలుగా ఉంటుంది. అదంతా పీపాలో వేస్తే కరిగి పైకి తేలుతుంది నిజమే, కానీ పేగుల్లోని ఎంజైములు మాంసంతో పాటు కొవ్వునీ విడగొడతాయి. ప్రైవేటు ల్యాబులో పరీక్ష చేయిస్తే స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు, అంటే నూనె నుంచి విడిపోయిన ముక్కలు, ఎక్కువని వచ్చింది. అదే కొవ్వుని కోసిన గంటలోపు విడిగా తీసి, స్టీలు గిన్నెలో కొంచెం నీళ్ళతో సన్నసెగ మీద కరిగించి, గుడ్డలో వడకడితే లేత పసుపు నూనె వచ్చింది. అంటే నూనె సంగతి పీపా దగ్గర కాదు, కత్తిపీట దగ్గరే తేలాలి. కొవ్వుకి ఒక బకెట్టు, మిగతాదానికి ఒక బకెట్టు పెట్టాలి.

కొట్లో చేపలు కోసే మా అక్కలకి ఈ మాట ఎక్కించడమే ఈ మొత్తం పనిలో కష్టమైంది. ఆదివారం పదింటప్పుడు ఎదురుగా జనం "త్వరగా అమ్మా" అంటుంటే ఎవరు చూసుకుంటారు ఏది ఏ బకెట్టులో పడిందో? "చేప కోసినందుకు డబ్బులిస్తావు, కడుపు సర్దినందుకు ఎవరిస్తారే?" అని పెద్దక్క సూటిగానే అడిగింది. న్యాయమైన ప్రశ్న. కొవ్వు బకెట్టుని తూచి కిలోకింత అని కట్టడం మొదలుపెట్టాను. ఆ తర్వాత బకెట్లు కలవలేదు.

పిత్తం తిత్తి రెండింట్లోనూ పడకూడదు. కూర చేదెక్కుతుందని అందరికీ తెలిసిందే. ఇంకోటి చాలామందికి తెలియదు. శీలావతి, గడ్డిచేపల పిత్తం ఒంటికి మంచిదని పచ్చిగా మింగేవాళ్ళున్నారు, దానివల్ల కిడ్నీలు పాడై ఆసుపత్రి పాలైన కేసులు మన దేశంలోనే వైద్యులు నమోదు చేశారు. మా కొట్లో అడిగినా ఇవ్వం.

నూనె చూడగానే బంధువులందరూ ఒమేగా-3 గుళికల మాటెత్తారు. అది సముద్రపు కవళ్ళ నూనె సంగతి. పంగస్ నూనెలో ఆ సరుకు బాగా తక్కువ, పామాయిల్‌లో ఉండే రకం కొవ్వే ఎక్కువ. అందుకే చలికాలం పొద్దున డబ్బా మూత తీస్తే సగం గడ్డకట్టి ఉంటుంది. పైగా తినే నూనె అమ్మాలంటే శుద్ధి యంత్రాలు, ఆహార భద్రత లైసెన్సు, అదంతా వేరే లోకం. నేను సబ్బు వైపు వెళ్ళాను.

చేప నూనె, రోజిన్ (చెట్టు బంక నుంచి తీసేది) కలిపిన సబ్బు పిండినల్లికీ, పొలుసు పురుగుకీ వాడటం రైతులకి కొత్తేమీ కాదు. కిలో నూనె సబ్బుగా మారడానికి సుమారు 190 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం పడుతుంది. ల్యాబు తప్పుపట్టిన నూనె కూడా సబ్బుకి పనికొస్తుంది, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు క్షారంతో ఇంకా తొందరగా కలుస్తాయి. లీటరు నీళ్ళకి 25 గ్రాముల సబ్బు కరిగించి, వడకట్టి, సాయంత్రం పూట కొడతారు. పురుగు ఒంటి మీది మైనపు పొర పోయి అది ఎండి చస్తుంది. లేత ఆకుల మీద ముందు ఒక కొమ్మకి కొట్టి చూడాలి.

కడియం నర్సరీలు మాకు పక్కనే. మందార మొక్కలకి పిండినల్లి పట్టి విసిగిపోయిన ఒక నర్సరీ బాబాయిగారి దగ్గరికి డబ్బా పట్టుకెళ్ళాను. మూత తీసి వాసన చూసి, "దేవుడికి పెట్టే పువ్వు మీద చేప నూనె కొట్టమంటావా అమ్మా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. చివరికి ఆయనే క్రోటన్ల మీద కొట్టి చూసి, ఆ మొక్కల వరకూ తీసుకుంటున్నారు. మందారానికి వేపనూనె కొనుక్కుంటారు. నాకది సబబుగానే అనిపించింది.

పీపాలో మిగిలిన జావని వేడిచేసి, జల్లెడపట్టి, ముళ్ళు తీసేసి, తవుడులో కలిపి ఎండబెడితే బాతులకి మేత అవుతుంది. బాతులు కాసే ఒకాయన పట్టుకెళ్తాడు. ఎక్కువ పెడితే గుడ్డు చేప వాసన కొడుతుందని మొదటే చెప్పాను. చేపల చెరువులవాళ్ళకి మాత్రం ఇవ్వను. చేప వ్యర్థాన్ని మళ్ళీ చేపకే పెడితే రోగాలు తిరుగుతాయి.

ఇదే జావని నీళ్ళలో పలచన చేసి మా కొబ్బరి చెట్ల మొదళ్ళలో పోసుకుంటాం. సీసాల్లో పట్టి లేబులేసి అమ్మమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది. పంట ఎదుగుదలకని ఇలాంటివి అమ్మేవాళ్ళని 2021లో 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. పురుగుమందని రాసి అమ్మితే 1968 చట్టం ఉంది. ఆ పరీక్షల ఖర్చు మా దుకాణం మోయలేదు. అందుకే సబ్బు కూడా తెలిసిన నర్సరీలకే, పురుగు చస్తుందన్న రాత లేకుండా, సబ్బుగానే ఇస్తున్నాను. పెద్దగా చేయాలనుకునేవాళ్ళు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన గురించి జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి 60 శాతం, మిగతావాళ్ళకి 40 శాతం రాయితీతో 2020లో మొదలైన పథకం అది, ఇప్పటి సంగతి అక్కడే కనుక్కోండి. యంత్రాల కంటే ముందు వారానికి ఎన్ని కిలోల తాజా వ్యర్థం ఖాయంగా దొరుకుతుందో రాసుకోండి, అధికారులు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఆ లెక్కలో కార్తీకమాసం మర్చిపోవద్దు. మా ఊళ్ళో సగంమంది నెలంతా చేప ముట్టరు, పీపాలు అడుగంటుతాయి. నర్సరీలకేమో ఆ రోజుల్లో బేరాలు బాగుంటాయి, సబ్బు కావాలని ఫోన్లు చేస్తారు. అందుకని ఆశ్వయుజం ఆదివారాల కొవ్వంతా కరిగించి ముందే సబ్బు చేసి పెట్టుకుంటున్నాం.